మొక్కల ముచ్చట: కరెంటు తీగల మీద బతికే పచ్చదనం

పోయిన నెల ఈ శీర్షిక చివర ఒక మాట రాశాను. దీపాలు, పంపులు, సెన్సర్ల సాయంతో బతికే మొక్కలనే కళాకృతులుగా నిలబెట్టే పద్ధతి మన ఊళ్లకూ వస్తోందని, దాన్ని గురించి అడగదలచినవాళ్లు అడగవచ్చునని. పోస్టుకార్డులు, కవర్లు, ఫోనులో వచ్చిన సందేశాలు కలిపి నా బల్ల మీద ఒక కట్ట తయారైంది. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను ఒక చోట చేర్చి, ఆరు ప్రశ్నలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, మేము హనుమకొండలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాం. డిసెంబరులో మా కళాశాల ఉత్సవానికి ఏడడుగుల బతుకమ్మను ఇనుప చట్రంతో చేయాలనుకుంటున్నాం. కోసిన పూలు కాకుండా వేళ్లతో ఉన్న తంగేడు, గునుగు, బంతి, చామంతి మొక్కలను వరుసలుగా పెడతాం. మట్టిలో తేమ తగ్గితే సెన్సర్ పంపును నడుపుతుంది. రాత్రంతా ఊదారంగు ఎల్‌ఈడీ దీపాలు వెలుగుతాయి. నెల రోజులు నిలవాలి. మా ఆలోచనలో లోపాలుంటే చెప్పండి. (ఐదుగురు విద్యార్థినులు, హనుమకొండ)

జవాబు: అమ్మాయిలూ, ముందు దీపాల సంగతి చూద్దాం. రాత్రంతా దీపం వెలిగిస్తే మీ చామంతి కొత్త మొగ్గ తొడగదు. చామంతికి పగలు ఎంత ముఖ్యమో రాత్రి అంతకన్నా ముఖ్యం. చీకటి వరుసగా చాలా గంటలు దొరికితేనే అది పూతకు వస్తుంది. నడిరాత్రి కాసేపు వెలుగు పడినా ఆ లెక్క చెడిపోతుంది. చామంతి తోటల రైతులు మొక్క పూయకుండా ముందు ఏపుగా పెరగాలనుకున్నప్పుడు కావాలనే రాత్రిపూట బల్బులు వెలిగిస్తారు. మీరు తెలియక అదే పని చేయబోతున్నారు. ఎరుపు, నీలం కలిసిన ఆ ఊదారంగు కాంతిని ఆకులు బాగా వాడుకుంటాయన్న మాట నిజమే. అయితే దాన్ని పగటి వేళకు, సాయంత్రం చూడటానికి జనం వచ్చే ఒకటి రెండు గంటలకు పరిమితం చేయండి. తొమ్మిది కాకముందే ఆర్పేయండి. చీకట్లో నిలబడ్డ బతుకమ్మ కూడా మీ కళాకృతిలో భాగమే అనుకోండి.

తంగేడు విషయంలో నా మాట వినండి, దాన్ని చట్రంలో ఇరికించవద్దు. అది చెలకల్లో, గుట్టల మీద లోతుగా తల్లివేరు దించి బతికే పొద. అరచేయంత డబ్బాలో పెట్టి రోజూ నీళ్లు పోస్తే వారంలో ఆకు పసుపు తిరుగుతుంది. పెద్ద కుండీలో నాటి చట్రం మొదట్లో, నేల మీదనే నిలపండి. గునుగు మరోరకం. వానాకాలంలో మొలిచి బతుకమ్మ నాటికి పూసి, డిసెంబరు వచ్చేసరికి ఎండి విత్తనం రాల్చే మొక్క అది. మీ నెల రోజుల్లో అది ముసలిదవుతుంది. అందులో దాచవలసిందేమీ లేదు. ఎండినా ఆ వెండి తెలుపు చాలా రోజులు ఉంటుంది. ఎండిన కంకిని అరచేతిలో నలిపి చూడండి, ఆవగింజకన్నా చిన్నవి, నల్లగా నిగనిగలాడే గింజలు పొట్టులోంచి జారుతాయి. చూడటానికి వచ్చిన ప్రతి ఒక్కరి చేతిలో నాలుగు గింజలు పోయండి.

ఇక నీళ్లు. మీ చట్రం గోపురంలా ఉంటుంది కాబట్టి పైవరుసలో పోసిన నీళ్లు కిందికి దిగుతాయి. పైన మొక్క దాహంతో వాడుతుంది, కింద మొక్క వేళ్లు మునిగి కుళ్లుతాయి. మధ్యలో ఒకే సెన్సర్ పెడితే అది రెండింటి గురించీ అబద్ధమే చెబుతుంది. పైన ఒకటి, కింద ఒకటి ఉండాలి. డిసెంబరులో సూర్యుడు దక్షిణాన వాలి ఉంటాడు కనుక ఉత్తరం వైపు మొక్కలకు ఎండ తగలదు. చట్రం కింద చక్రాలు పెట్టి రోజుకు ఒకసారి పావువంతు తిప్పండి. తిప్పే పని మోటారుకు ఇవ్వవద్దు, మీ ఐదుగురిలో ఒకరు చేయండి. ఎందుకు చెబుతున్నానో కింద రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందట ఒక సంస్థ ప్రవేశమందిరంలో ఇలాంటిదే ఒకటి కట్టారు. మనీప్లాంటు, తులసి, ఫెర్న్ మొక్కలు కలిపి నూటికి పైగా ఉన్నాయి. సలహా కోసం నన్నూ పిలిచారు. ప్రారంభం రోజున నేనూ చప్పట్లు కొట్టాను. రెండు వారాలకు ఫోను వచ్చింది, తులసి మొక్కలు వాడిపోతున్నాయని. వెళ్లి చూస్తే తెర మీద 'తేమ తక్కువ' అని ఉంది. పంపు నడుస్తూనే ఉంది. తులసి తల వాల్చి ఉంది. ఎవరు చూసినా నీళ్లు చాలడం లేదనే అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

అక్కడ రాత్రి కాపలా ఉండే పెద్దాయన పక్కన నిలబడి, "అమ్మా, దీనికి నీళ్లు చాలక కాదు. నాలుగు రోజులుగా ఇక్కడ మురుగు వాసన వస్తోంది" అన్నాడు. కుండీలో వేలు పెట్టాను. బురద. మొక్కను పైకి లాగితే ఏ ప్రతిఘటనా లేకుండా చేతిలోకి వచ్చింది. తెల్లగా ఉండవలసిన వేళ్లు గోధుమరంగులో జారుగా ఉన్నాయి, పట్టుకుంటే తొక్క ఊడిపోయి లోపలి దారం మిగిలింది. సెన్సర్‌ను బయటికి తీసి కడిగాను. ఫోర్కులా రెండు కాళ్లుండే రకం అది. ఒక కాలి మీద రాగిపూత మాయమై అట్ట మాత్రమే ఉంది, రెండో కాలు పచ్చగా చిలుము పట్టి ఉంది. తడి మట్టిలో ఆ రెండు కాళ్ల మధ్య పగలూ రాత్రీ కరెంటు పారుతుంటే రాగి కరిగిపోతుంది. రాగి పోయాక కరెంటు సరిగా పారదు. కరెంటు పారకపోతే మట్టి ఎండిందని యంత్రం లెక్క వేస్తుంది. ఎండిందని మళ్లీ నీళ్లు పోస్తుంది. పద్నాలుగు రోజులు అది నమ్మకంగా ఆ మొక్కలను ముంచింది.

అందుకని మీరు కెపాసిటివ్ రకం సెన్సర్ కొనండి, దాని లోహం మట్టికి తగలదు. పాత రకమే దొరికితే గంటకు ఒక్కసారి, రెండు క్షణాలు మాత్రమే కరెంటు ఇచ్చి కొలత తీసుకోండి. సెన్సర్ ఏం చెప్పినా పంపు రోజుకు ఇన్ని నిమిషాలకు మించి నడవకుండా గట్టి హద్దు పెట్టండి. ప్రతి డబ్బాకూ అడుగున రంధ్రం ఉండాలి. వీటన్నింటికన్నా ముందు, మీ కళాకృతి పక్కన పెట్టే పలకలో మీ ఐదుగురి పేర్ల కింద మరో వరుస రాయండి: ఏ రోజు ఎవరు వచ్చి వేలు పెట్టి చూస్తారో. ఆ వరుస రాయలేమనుకుంటే బతుకమ్మను కోసిన పూలతోనే పేర్చండి. అది మన అమ్మలు నేర్పిన పద్ధతి, దానికి ఏ లోటూ లేదు.

ముప్ఫై ఒకటో రోజున మొక్కలు ఎక్కడికి వెళ్తాయో కూడా ఇప్పుడే తేల్చుకోండి. పూల బతుకమ్మను నీళ్లలో వదులుతాం. వేళ్లున్న బతుకమ్మను నేలకు వదలాలి.

ప్రశ్న: ఒక ప్రదర్శనలో మనీప్లాంటు ఆకులకు రెండు క్లిప్పులు తగిలించి స్పీకరులో సంగీతం వినిపించారు. మొక్క పాడుతోందని చెప్పారు. మా అత్తగారు చేతులు జోడించి దండం పెట్టారు. మా వారు అదంతా మోసమన్నారు. ఏది నిజం? (ఒక గృహిణి, కరీంనగర్)

జవాబు: మొక్క పాడటం లేదు. అలాగని అక్కడ ఏమీ జరగడం లేదనీ కాదు. ఆకులో నీటి కదలికను బట్టి, కాంతిని బట్టి, ఎవరైనా ముట్టుకోవడాన్ని బట్టి అతి చిన్న విద్యుత్ మార్పులు జరుగుతూ ఉంటాయి. రెండు క్లిప్పుల మధ్య కరెంటు ఎంత సులువుగా పారుతోందో ఆ పెట్టె కొలుస్తుంది. ఆ అంకె పెరిగితే ఏ స్వరం, తగ్గితే ఏ స్వరం అన్నది పెట్టె చేసిన మనిషి ముందే నిర్ణయించి పెట్టాడు. వీణ, వేణువు, మోహనరాగం అన్నీ ఆ మనిషివే. హెచ్చుతగ్గులు మాత్రం ఆకువి. ఆ హెచ్చుతగ్గుల్లో కూడా క్లిప్పు జారడం వల్ల వచ్చినవి, గదిలో తేమ మారడం వల్ల వచ్చినవి కలిసి ఉంటాయి. కాబట్టి ఆ పాట విని మొక్క సంతోషంగా ఉందనో బాధపడుతోందనో చెప్పలేం.

మొక్కకు స్పందన ఉందని కొలిచి చూపినవాడు మన దేశంలోనే ఉన్నాడు. జగదీశ్ చంద్ర బోస్ అత్తిపత్తి మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. మొక్క పెరుగుదలను పదివేల రెట్లు పెంచి చూపే క్రెస్కోగ్రాఫ్ అనే యంత్రాన్ని తయారు చేశాడు. 1917లో కలకత్తాలో తన పేరున పరిశోధన సంస్థను నెలకొల్పాడు. ఆయన యంత్రంలో మొక్క కదలిక మసి పూసిన గాజుపలక మీద చుక్కలుగా పడేది. పాటగా మార్చకుండానే ఆ చుక్కలు జనాన్ని నిశ్చేష్టులను చేశాయి.

ఈ దారిలో కళాకారులు చేసిన వాటిలో నాకు నచ్చినవి రెండున్నాయి. 1992లో క్రిస్టా సోమరర్, లోరాన్ మిన్యోనో అనే ఇద్దరు నిజమైన మొక్కల కుండీలను ఒక తెర ముందు పెట్టారు. చూసేవాళ్లు మొక్క దగ్గరికి చేయి చాపినా, తాకినా తెర మీద బొమ్మ మొక్కలు పెరిగేవి. ముట్టుకునే తీరును బట్టి పెరిగే తీరు మారేది. 2018లో హర్‌ప్రీత్ సరీన్ అమెరికాలోని ఎంఐటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఒక మొక్కను చక్రాల బండి మీద పెట్టాడు. వెలుగు పడ్డప్పుడు మొక్కలో పుట్టే విద్యుత్ సంకేతాన్ని బండికి అందించాడు. ఎటు వైపు దీపం వెలిగితే బండి అటు కదిలేది. కిటికీ వైపు మెల్లగా వంగే మొక్క కోరికకు కాళ్లు ఇచ్చినట్టు ఉంటుంది అది. ఈ రెండింటిలోనూ మొక్క చేయని పనిని మొక్కకు అంటగట్టలేదు.

మీ అత్తగారు దండం పెట్టింది మొక్కకే కదా. దానికి పాట అవసరం లేదు. ఇంటి తులసికి ఆమె రోజూ పెడుతూనే ఉండి ఉంటారు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ ముందు గోడకు నిలువు తోట కట్టించాం. చాలా ఖర్చయింది. మే నెలలో మొత్తం మాడిపోయింది. తప్పెక్కడ? (నివాసుల సంఘం సభ్యుడు, వరంగల్)

జవాబు: గోడ పడమర వైపు ఉందని మీ ఫోటోలో నీడలను బట్టి అర్థమైంది. సగం తప్పు అక్కడే. మన మే నెల సాయంత్రపు ఎండకు గోడే పెనంలా కాలుతుంది.

ఇలాంటి గోడలకు పేరు తెచ్చిన పాట్రిక్ బ్లాంక్ స్వయంగా వృక్షశాస్త్రజ్ఞుడు. ఆగ్నేయాసియా అడవుల్లో మట్టి లేకుండా రాళ్ల మీద, చెట్ల మానుల మీద బతికే మొక్కలను గమనించి ఈ పద్ధతి రూపొందించాడు. ఇనుప చట్రం, దాని మీద పీవీసీ పలక, దాని మీద రెండు పొరల దళసరి ఫెల్టు గుడ్డ, పైనుంచి పోషకాలు కలిపిన నీళ్లు బొట్లు బొట్లుగా. అంతే, మట్టి ఉండదు. పారిస్‌లో 2006లో తెరిచిన కే బ్రాన్లీ మ్యూజియం గోడ దాదాపు 800 చదరపు మీటర్లు. కానీ పారిస్ ఎండ వేరు. అక్కడి గోడను ఇక్కడ దించితే ఆ పలుచటి గుడ్డలో నీళ్లు గంట కూడా నిలవవు. కరెంటు పోయి పంపు ఆగిన ఒక్క మధ్యాహ్నం చాలు.

మీ రెండో ఫోటోలో డ్రిప్పు పైపు నోళ్ల దగ్గర తెల్లగా పొడి పట్టి ఉంది. అది బోరునీటి సున్నం. నిమ్మ ఉప్పు కలిపిన నీటిలో నానబెట్టి నెలకోసారి కడగాలి. ఈసారి ఉత్తరం గోడ మీద పెట్టండి, లేదా గోడను వదిలేసి దాని మొదట్లో నేలలో మాలతీ తీగ నాటి పైకి పాకించండి. ఏడాది పడుతుంది, పంపు అక్కర్లేదు.

ప్రశ్న: అమ్మా, నేను పత్తి, వరి వేస్తాను. బోరు ఎండితే కళ్ల ముందే పంట పోతుంది. పట్నంలో కళ పేరు చెప్పి మొక్కలకు ఏసీ గదుల్లో లైట్లు, మోటార్లు పెడుతున్నారంటే కడుపు మండుతుంది. ఇది తప్పు కాదా? (ఒక రైతు, పరకాల దగ్గరి ఊరు)

జవాబు: అన్నా, మీ ఉత్తరం మూడు సార్లు చదివాను. నేనూ ఆ ప్రాంతంలోనే పుట్టాను. బావిలో బకెట్టు అడుగు తగిలిన చప్పుడు నాకు తెలుసు.

ముందు లెక్క చూద్దాం. మొదటి ప్రశ్నలోని అమ్మాయిల బతుకమ్మలో నూరు మొక్కలున్నాయనుకుంటే, ఒక్కోదానికి రోజుకు పావు లీటరు చొప్పున 25 లీటర్లు. ఎకరం మడిలో ఒక్క అంగుళం నీళ్లు నిలపడానికి లక్ష లీటర్ల పైన కావాలి. నూరు వాట్ల దీపం రోజుకు పది గంటలు వెలిగితే ఒక యూనిట్ కరెంటు. అంటే మీ నీళ్లను, మీ కరెంటును ఈ ఆడపిల్లలు తీసుకుపోవడం లేదు. అంతవరకు మీ మనసు కుదుటపడాలని రాస్తున్నాను.

కానీ మీ మంట నీళ్ల లెక్కతో చల్లారేది కాదని నాకు తెలుసు. మొక్కను పోగొట్టుకోవడం అంటే ఏమిటో తెలిసినవాడికి, దాన్ని అలంకారంగా నిలబెట్టి వారానికి చెత్తబండిలో వేయడం చూస్తే మండుతుంది. ఆ విషయంలో నేను మీ పక్షమే. ఫంక్షన్ హాళ్లలో రెండు రోజుల వేడుకకు పచ్చికను పరిచి మూడో రోజున చుట్టి పారేయడాన్ని కళ అని నేను అనను.

అన్నీ అలాంటివి కావు. 1982లో ఆగ్నెస్ డెనెస్ అనే కళాకారిణి న్యూయార్క్‌లో, ప్రపంచ వ్యాపార కేంద్రం భవనాల పక్కన, పూడ్చిన నేల మీద రెండెకరాల్లో గోధుమ పండించింది. రాళ్లూ చెత్తా ఏరించి, 200 లారీలకు పైగా మట్టి తోలించి, చేత్తో 285 సాళ్లు తీయించి విత్తింది. నీటిపారుదల కోసం గొట్టాలు వేయించింది. కలుపు తీసింది, తెగుళ్లు చూసుకుంది. ఆగస్టులో కోస్తే వెయ్యి పౌండ్లకు మించి గోధుమలు వచ్చాయి, అంటే మన లెక్కన నాలుగున్నర క్వింటాళ్లు. ప్రపంచంలోని అత్యంత ఖరీదైన నేలల్లో ఒకదాని మీద కావాలనే తిండిగింజ పండించింది. భూమి విలువను డబ్బుతో కొలిచేవాళ్ల ముఖం ముందు గోధుమ కంకిని నిలబెట్టింది. ఆ ఫోటో చూసినప్పుడు నాకు వరంగల్ చుట్టూ ప్లాట్లుగా మారి హద్దురాళ్లు పాతిన మడులు కళ్లలో మెదిలాయి.

దానికి పదేళ్ల ముందే, 1972లో, హెలెన్, న్యూటన్ హారిసన్ అనే దంపతులు కాలిఫోర్నియాలో ఒక విశ్వవిద్యాలయం గ్యాలరీలో 18 నిమ్మజాతి చెట్లను చెక్క తొట్లలో నాటి, ఒక్కోదాని పైన దీపాల పెట్టె వేలాడదీశారు. ఆ జిల్లా పేరే ఆరెంజ్ కౌంటీ. నారింజ తోటలన్నీ ఇళ్ల స్థలాలుగా మారుతున్న కాలం. బయట తోటలు పోతే చివరికి ఇలా గదిలో దీపాల కింద బతకవలసి వస్తుందని చూపడానికే అది చేశారు. ఆ దీపాలు ఆడంబరానికి పెట్టినవి కావు, హెచ్చరిక అవి. అన్నా, మీ కడుపుమంటే వాళ్లదీ.

మీకు ఒక విన్నపం. గునుగు మీ పత్తిలో కలుపు. కలుపుమందు కొడితే పోతుంది, కొట్టక తప్పని రోజులూ ఉంటాయని తెలుసు. చేను గట్టు మీద ఒక మూర వెడల్పు మాత్రం మందు కొట్టకుండా వదలండి. ఏటా ఎంగిలిపూల నాటికి మీ ఊరి ఆడపిల్లలు గునుగు కోసం పక్క ఊరికి నడవకుండా ఉంటారు.

ప్రశ్న: ఇన్‌స్టలేషన్ (కళాకృతిగా నిలబెట్టే అమరిక) గురించి మీరు రాసింది ఏడో తరగతిలో చదివి వినిపించాను. ఒక అబ్బాయి లేచి, "మా తండాలో తీజ్ బుట్టలు కూడా అదేనా టీచర్?" అన్నాడు. ఏమని చెప్పాలి? (ఉపాధ్యాయిని, మహబూబాబాద్)

జవాబు: అవునని చెప్పండి. ఆ అబ్బాయికి నా ఆశీస్సులు కూడా చెప్పండి.

తీజ్ తెలియని పాఠకుల కోసం: శ్రావణంలో లంబాడీ తండాల్లో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి, ఎరువు నింపి గోధుమలు చల్లుతారు. బుట్టలను మంచె మీద పెట్టి తొమ్మిది రోజులు పాడుకుంటూ నీళ్లు పోస్తారు. తొమ్మిదో రోజుకు జానెడు ఎత్తున లేత ఆకుపచ్చ నారు నిలబడుతుంది. ఆ తర్వాత చెరువులో నిమజ్జనం. మన పెళ్లిళ్లలో పాలికల్లో నవధాన్యాలు మొలకెత్తించేదీ ఈ కుదురులోనిదే.

హాన్స్ హాకే అనే కళాకారుడు 1969లో అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం ప్రదర్శనలో గది మధ్య మట్టిదిబ్బ పోసి గడ్డి విత్తాడు. గడ్డి మొలవడమే కళాకృతి. దాన్ని కళాచరిత్ర పుస్తకాల్లో చదువుతారు. తండాలోని బుట్టనూ దాని పక్కనే ఉంచి చదవాలి.

1995లో కాలిఫోర్నియాలో కెన్ గోల్డ్‌బర్గ్, జోసెఫ్ సాంటరొమానా మరికొందరితో కలిసి 'టెలిగార్డెన్' చేశారు. గుండ్రటి తొట్టిలో చిన్న తోట, మధ్యలో ఒక రోబో చేయి. ఇంటర్నెట్ అప్పుడప్పుడే జనానికి తెలుస్తున్న రోజులు. ఎక్కడో దేశం అవతల ఉన్నవాళ్లు కంప్యూటర్ నొక్కితే ఆ చేయి కదిలి విత్తనం నాటేది, నీళ్లు పోసేది. వేలమంది సభ్యులయ్యారు. మరుసటి ఏడాది దాన్ని ఆస్ట్రియాలోని లింజ్ నగరానికి తరలించారు, 2004 దాకా అక్కడ నడిచింది. దూరానున్నవాళ్లు ఒకరి మొక్కకు ఒకరు నీళ్లు పోయడమే అందులో నాకు ఇష్టమైన సంగతి. ఎడ్వార్డో కాక్ అనే మరొకాయన 1996లో చీకటి గదిలో ఒకే ఒక్క విత్తనం పెట్టాడు. ప్రపంచం నలుమూలల నుంచి జనం కెమెరాలను ఆకాశం వైపు తిప్పి పంపిన వెలుగు ప్రొజెక్టరు గుండా ఆ విత్తనం మీద పడేది. ఆ వెలుగుతోనే మొక్క పెరిగింది.

మీ తరగతిలో ఇలా చేయవచ్చు. రెండు బుట్టల్లో ఒకే రోజు గోధుమలు చల్లండి. ఒకదానికి టైమరుతో నడిచే చిన్న పంపు, రెండోదానికి పిల్లలు వంతులవారీగా చేత్తో. ఏది ఎక్కువ పెరిగిందో కొలవడంతో ఆపకండి. ఎవరి బుట్టలో చీమలు పట్టిన సంగతి ముందు కనిపెట్టారో, ఎవరు తెల్లబూజును ముందు చూశారో కూడా నోటు పుస్తకంలో రాయించండి. పాటలు ఆ అబ్బాయి వాళ్ల అక్కచెల్లెళ్లను పిలిచి నేర్పించండి, వాళ్లు ఒప్పుకుంటేనే.

ప్రశ్న: నేను ఎనిమిదో తరగతి. ఇస్రో అంతరిక్షంలో అలసందలు మొలిపించిందని టీచర్ చెప్పారు. నాకూ మూత పెట్టిన పెట్టెలో మొక్క పెంచాలని ఉంది. పంపు, సెన్సర్ కొనడానికి డబ్బులు లేవు. కుదురుతుందా? (ఒక విద్యార్థిని, ములుగు జిల్లా)

జవాబు: తప్పకుండా కుదురుతుంది, తల్లీ. మీ టీచర్ చెప్పింది నిజం. 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ సీ60 రాకెట్‌లో ఎనిమిది అలసంద గింజలను మూసిన పెట్టెలో పంపారు. నాలుగు రోజుల్లో మొలకెత్తాయి, ఆ తర్వాత ఆకులూ విప్పాయి. మన ఇళ్లలో గుగ్గిళ్లు చేసుకునే గింజే అది.

పంపు, సెన్సర్ లేకుండా మూతలో మొక్క బతుకుతుందని దాదాపు 200 ఏళ్ల కిందట లండన్‌లో నథానియల్ వార్డ్ అనే డాక్టరు కనిపెట్టాడు. ఒక పురుగు గూడు ఎలా విప్పుకుంటుందో చూద్దామని తడిమట్టితో సీసాలో పెట్టి మూత బిగించాడు. ఆ మట్టిలోంచి ఫెర్న్, గడ్డి మొలిచాయి. ఆ తర్వాత ఆయన పేరుతో తయారైన గాజుపెట్టెల్లోనే చైనా నుంచి వేలాది తేయాకు మొక్కలు ఓడల మీద మన హిమాలయ కొండలకు వచ్చాయి.

నువ్వు అలసంద పెట్టవద్దు, వారంలో మూతకు తగిలి వంకర పోతుంది. పెద్ద పచ్చడి సీసా తీసుకుని బాగా కడుగు. అడుగున రెండు వేళ్ల మందం గులకరాళ్లు, వాటి మీద కొంచెం బొగ్గుముక్కలు, పైన పిడికెడు మట్టి వేయి. ఎరువు వేయకు. నాచు, చిన్న ఫెర్న్ మొక్క ఒకటి పెట్టు. రామప్ప గుడి రాళ్ల మీది నాచును మాత్రం గీకవద్దు, మీ బావి ఒరల మీద, తొట్టి పక్కన తడినేల మీద పుట్టింది చాలు. నాలుగు చెంచాల నీళ్లు చల్లి మూత బిగించు.

సీసాను వెలుగు బాగా వచ్చే చోట, నేరుగా ఎండ పడకుండా పెట్టు. పొద్దున లోపలి గాజు మీద చెమ్మ పట్టి మధ్యాహ్నానికి ఆరిపోతే నీళ్లు సరిపోయినట్టు. రోజంతా గాజు మసకగానే ఉంటే ఒక పూట మూత తీసి ఉంచు. చెమ్మ అసలే పట్టకపోతే ఒక చెంచా నీళ్లు పోయి. రోజూ బడికి వెళ్లే ముందు ఒకసారి చూసి, నెల తర్వాత నాకు మళ్లీ ఉత్తరం రాయి.